బండి తోలడం వచ్చు, బాగోగులు ఎవరు నేర్పుతారు?

ఆంధ్రప్రదేశ్ ప్రవాసాంధ్రుల సాధికారత శాఖ మంత్రి
శ్రీ కొండపల్లి శ్రీనివాస్ గారికి,



కువైట్ నుంచి మీకు చేరే అర్జీల్లో జీతం అందనివాళ్ళవి, పాస్‌పోర్టు ఇవ్వనివాళ్ళవి, ఏజెంటు చేతిలో మోసపోయినవాళ్ళవి ఎక్కువగా ఉంటాయని తెలుసు. ముందు చూడాల్సినవి అవే. నేను రాస్తున్నది మాత్రం రేడియేటర్ గురించి, టైర్ల గురించి, బ్యాటరీ గురించి. కాస్త ఓపిక పట్టి చదివితే, ఆ అర్జీల్లో కొన్ని ఈ రేడియేటర్ దగ్గరే మొదలవుతాయని మీకే తెలుస్తుంది.

నాది రాజంపేట. ఫర్వానియాలో ఉంటాను. ఒక కాంట్రాక్టు కంపెనీలో లెక్కలు చూస్తాను. ఒక పాత జపాన్ కారు ఉంది. అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను: మన రాష్ట్రం నుంచి ఇంటి డ్రైవర్లుగా ఇక్కడికి వచ్చేవాళ్ళకు, విమానం ఎక్కేముందు ఒక పూట బండి సంరక్షణ నేర్పించండి. చేతిలో ఒక చిన్న తెలుగు పుస్తకం పెట్టండి. అంతే. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే మిగతా ఉత్తరమంతా.

రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు, బద్వేలు వైపు నుంచి డ్రైవర్ వీసా మీద వచ్చే కుర్రాడు ఊళ్ళో నడిపింది ఆటో, ట్రాక్టరు, మహా అయితే బొలేరో. ఇక్కడ దిగిన కొద్దిరోజులకు వాడి చేతికి వచ్చేది లాండ్ క్రూజరో, నిస్సాన్ పాట్రోలో, జీఎంసీ యూకానో. ఊళ్ళో వాడి ఇల్లూ రెండెకరాల చేనూ కలిపినా ఆ బండి ధర రాదు. స్టీరింగు ఎడమ పక్కన, నడక రోడ్డుకు కుడి పక్కన. వీటికి వారం పది రోజుల్లో అలవాటు పడిపోతాడు. మనవాళ్ళు అలాంటి వాటికి భయపడరు. అలవాటు చేసుకోవడానికి వీల్లేనిది బానెట్ కింద ఉంది. కువైటీ యజమాని, ఇక్కడివాళ్ళ మాటలో బాబా, ఆ బానెట్ ఎత్తడు. ఆయిల్ ఎప్పుడు మార్చాలి, టైరు ఎప్పుడు తీసేయాలి, ఏసీ ఎందుకు చల్లగా రావడం లేదు అన్నవన్నీ చూసుకోవాల్సింది డ్రైవరే. దఫ్తర్‌లో, అంటే బండి రిజిస్ట్రేషన్ పుస్తకంలో, పేరు బాబాది, బండి ఆరోగ్యం పూచీ మాత్రం వీడిది. నెల్లాళ్ళ కిందటిదాకా ఆటోమేటిక్ గేర్‌బాక్సు ముఖం చూడనివాడికి ఆ పూచీ అప్పజెబుతున్నాం.

బండి ఫిఫ్త్ రింగ్ రోడ్డు మీద పొగలు కక్కుతూ ఆగిపోతే ఏమవుతుంది? మంచి ఇల్లయితే తిట్టి ఊరుకుంటారు. కాకపోతే మరమ్మతు ఖర్చు జీతంలోంచి పోతుంది, లేదా "నీకు పని రాదు, ఇంటికి పో" అంటారు. ఇంటి పనివాళ్ళ కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది. వారానికో రోజు సెలవు, పని గంటలకు హద్దు, ఏడాదికి జీతంతో కూడిన సెలవు అందులో ఉన్నాయి. డ్రైవర్లకూ అది వర్తిస్తుంది. కానీ ఇంజన్ కాలిపోయింది ఎండ వల్లా, పాత గొట్టం వల్లా, డ్రైవర్ అశ్రద్ధ వల్లా అన్న తగువును ఏ చట్టమూ తేల్చలేదు. చేతిలో కాగితం ఉంటే తేలుతుంది. ఆ కాగితం సంగతి చివర్లో చెబుతాను.

ఇక్కడ మనవాళ్ళలో కారుతో పని ఉన్నవాళ్ళు రెండు రకాలు. నాలాగా సొంత కారు ఉన్నవాళ్ళు ఒక రకం. విదేశీయులకు లైసెన్సు కావాలంటే డిగ్రీ, 600 దినార్ల జీతం, రెండేళ్ళ నివాసం ఉండాలని చాలా ఏళ్ళు నిబంధన నడిచింది కాబట్టి మా సంఖ్య తక్కువ. రెండో రకం ఇంటి డ్రైవర్లు. వాళ్ళే ఎక్కువ. శుక్రవారం కువైట్ సిటీలోని మాలియాలో ఈ రెండు గుంపులూ కలుస్తాయి. కరక్ చాయ్ చేత్తో పట్టుకుని గంటలకొద్దీ మాట్లాడుకునేది ఊరి రాజకీయాల గురించి అనుకుంటారు బయటివాళ్ళు. వినండి ఒకసారి: ఏ గరాజ్‌లో కంప్రెసర్ చౌక, ఏ బంచర్ (పంక్చర్) షాపులో పాత టైరు కొత్తదని అంటగడుతున్నారు, ఎవరి బండికి గేర్‌బాక్సు మార్చమన్నారు, ఎంత అడిగారు. ఇక్కడి తెలుగు డ్రైవర్లకు ఉన్న ఏకైక విద్యాలయం అదే. అక్కడ మంచి మాటలూ ఉన్నాయి, ప్రాణం మీదికి తెచ్చే మాటలూ ఉన్నాయి. రెండూ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో వినబడతాయి.

టైర్ల సంగతే తీసుకోండి. "ఎండాకాలం గాలి తగ్గించి పెట్టన్నా, వేడికి ఉబ్బి పగిలిపోద్ది" అని చెప్పేవాళ్ళు మాలియాలో సగం మంది ఉంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ జరిగేది తలకిందులు. గాలి తక్కువైన టైరు పక్క గోడలు తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతాయి, ఆ వంపుకే లోపల వేడి పుడుతుంది, 120 వేగంలో ఆ వేడికి పొరలు విడిపోతాయి. టైరు పేలేది గాలి ఎక్కువై కాదు, చాలాసార్లు తక్కువై. ఐదారు డిగ్రీల వేడి పెరిగితే టైరులో ఒక పౌండు ఒత్తిడి పెరుగుతుంది. ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే కంపెనీ వాడు డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీద అంకె అచ్చేస్తాడు. తెల్లవారుజామున, బండి కదలకముందు, ఆ అంకె ప్రకారం పట్టించాలి. ఇందులో ఇంకో మెలిక: ఒక బండి మీద 32 అని ఉంటుంది, ఇంకోదాని మీద 220 అని, వేరొకదాని మీద 2.2 అని. పౌండ్లు, కిలోపాస్కల్స్, బార్ అని మూడు కొలతలు, మూడూ ఇంచుమించు ఒకటే. ఇది చెప్పడానికి అర నిమిషం చాలు. చెప్పేవాడు లేక 220 అంకె చూసి బిత్తరపోయి, బంచర్ వాడి దయకు వదిలేసినవాళ్ళున్నారు.

టైరు వయసు కూడా అంతే. పక్క గోడ మీద డీఓటీ అన్న అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. గీతలు నిగనిగలాడుతున్నా వయసు మళ్ళిన టైరు కువైట్ ఎండకు రబ్బరు బిరుసెక్కి ఉంటుంది. ఈ దేశంలో టైర్లు ఎంత తొందరగా చచ్చిపోతాయో తెలియాలంటే అర్హియా అనే ఎడారి ప్రాంతం గురించి చదవండి. 4 కోట్లకు పైగా పాత టైర్లు ఆ ఎడారిలో గుట్టలు పడి, ఉపగ్రహం నుంచి కూడా కనబడేవి. 2021లో వాటిని సౌదీ సరిహద్దు వైపున్న సాల్మీకి తరలించి, ముక్కలు చేసి మళ్ళీ వాడకంలోకి తెచ్చే పని మొదలుపెట్టారు.

ఇక ఎండ. 2016 జూలై 21న కువైట్ ఉత్తరాన మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి, ఆసియా ఖండంలోనే ఇది అత్యధికమని ఒప్పుకుంది. అది నీడలో కొలిచిన గాలి వేడి. తారు రోడ్డు మీద, ముందున్న లారీ పొగ పీలుస్తూ నిలబడ్డ బండి రేడియేటర్‌కు తగిలే గాలి ఇంకెంత ఉంటుందో ఊహించండి. మన కడపలో 45 డిగ్రీలు వస్తే స్కూళ్ళకు సెలవులిస్తాం. ఇక్కడ అది జూన్ నెలలో మామూలు మధ్యాహ్నం.

ఈ వేడిలో రేడియేటర్‌లో మంచినీళ్ళు పోసి నడిపే అలవాటు మన ఆటోల నుంచి, లారీల నుంచి వచ్చింది. కూలెంట్ అనేది రంగు నీళ్ళనీ, డబ్బు దండగనీ పాత డ్రైవర్లు కొత్తవాళ్ళకు చెబుతారు. అది చేసే పని మూడు రకాలు: నీళ్ళకన్నా ఎక్కువ వేడి దాకా మరగకుండా ఆగుతుంది, లోపలి అల్యూమినియాన్ని తుప్పు పట్టనివ్వదు, నీటి పంపుకు అరుగుదల తగ్గిస్తుంది. కుళాయి నీళ్ళు పోస్తే లోపల ఉప్పు పొర కడుతుంది, రేడియేటర్‌లోని సన్నని గొట్టాలు మూసుకుపోతాయి. థర్మోస్టాట్ తీసి పారేయమనే మెకానిక్‌లు షువైఖ్ గరాజ్‌ల్లో ఇప్పటికీ ఉన్నారు. "గల్ఫ్‌లో అదెందుకు?" అంటారు. పాత కార్బొరేటర్ బండ్ల నాటి మాట అది. ఇప్పటి ఇంజన్‌ను కంప్యూటర్ నడుపుతుంది. వేడి చాలడం లేదని అది అనుకుంటే పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్ర గీత వైపు పోతే ఏం చేయాలి అన్నది ప్రతి డ్రైవర్‌కూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా రావాలి. ఏసీ ఆపెయ్యాలి. పక్కకు తీసేదాకా హీటర్ పూర్తిగా పెట్టాలి. ఎండలో హీటరు పెట్టడం పిచ్చిపనిలా తోస్తుంది గానీ, ఇంజన్ వేడిని కొంత లోపలికి లాగి దాన్ని కాపాడేది అదే. ఆపి, ఇంజన్ కట్టేసి, చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. మూత తీసి ముఖం కాల్చుకున్నవాళ్ళ కథలు మాలియాలో చాలా వినబడతాయి. ఇంకో కిలోమీటరే కదా ఇల్లు అని లాగించినవాళ్ళ కథలు ఇంకా ఎక్కువ. ఆ ఒక్క కిలోమీటరుకు సిలిండర్ హెడ్ వంకర తిరిగితే బిల్లు వందల దినార్లలో ఉంటుంది. దినారంటే మన డబ్బుల్లో మూడొందలకు అటూ ఇటూ. డ్రైవర్ జీతం చాలా ఇళ్ళలో నూరూ నూటయాభై దినార్ల మధ్య. లెక్క మీరే వేసుకోండి.

మంత్రిగారూ, కిలోమీటర్ల మీటరుకు కనబడని నడక ఒకటుంది. స్కూలు బయట, ఎవెన్యూస్ మాల్ బయట, క్లినిక్ బయట ఏసీ పెట్టుకుని డ్రైవర్ గంటలు గంటలు కూర్చుంటాడు. మామా, అంటే ఇంటి యజమానురాలు, షాపింగ్ ముగించి రావాలి. బండి కదలదు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ కాలుతూనే ఉంటుంది. కారుతో వచ్చే పుస్తకంలో రెండు రకాల సర్వీసు పట్టికలుంటాయి: మామూలు వాడకానికి ఒకటి, కఠిన వాడకానికి ఒకటి. దుమ్ము, విపరీతమైన వేడి, నిలబెట్టి ఇంజన్ తిప్పడం, దగ్గర దగ్గర ప్రయాణాలు ఇవన్నీ కఠిన వాడకం కిందికి వస్తాయి. అంటే కువైట్‌లో ఇంటి బండి పుట్టుకే కఠిన వాడకం. ఆ పేజీ ఏ డ్రైవరూ చదవడు, ఎందుకంటే పుస్తకం అరబిక్‌లోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. పక్కమాటగా ఒకటి చెప్పాలి: జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. అది ఆరుబయట కూలి పనివాళ్ళకు. పెట్రోలు దండగని "ఏసీ కట్టేసి కూర్చో" అనిపించుకున్న డ్రైవర్‌ను ఆ నిబంధన చూడదు.

ఏసీ గురించి అందరూ ఎక్కువ మాట్లాడతారు, అందరూ ఎక్కువ డబ్బు పోసేదీ దానికే. ప్రతి వేసవిలో గ్యాస్ పట్టించడం ఇక్కడ ఆనవాయితీ అయిపోయింది. పెట్రోలులాగా ఏసీ గ్యాస్ ఖర్చయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ చుట్టూ తిరుగుతుంది. ఏటేటా పట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతకకుండా గ్యాస్ నింపే గరాజ్ మనకు మేలు చేయడం లేదు. దుమ్ము గాలి, ఇక్కడి మాటలో తోజ్, వీచిన మర్నాడు ముందున్న కండెన్సర్‌ను సన్నటి నీటి ధారతో కడగడం, గ్లవ్ బాక్సు వెనకున్న క్యాబిన్ ఫిల్టర్ మార్చడం, ఈ రెండూ డ్రైవర్ తన చేత్తో చేసుకోగల పనులు. వీటితోనే సగం ఫిర్యాదులు తీరిపోతాయి.

బ్యాటరీ గురించి తక్కువే చెప్పాలి: వేడికి లోపలి నీరు ఆవిరవుతుంది, పలకలు తినేసుకుపోతాయి. మన ఊళ్ళో నాలుగేళ్ళు వచ్చేది ఇక్కడ రెండేళ్ళు దాటితే అనుమానించాల్సిందే. ముందురోజు దాకా బాగానే ఉండి, ఎయిర్‌పోర్టులో బాబాను ఎక్కించుకోవాల్సిన రోజున చస్తుంది. రెండేళ్ళ తర్వాత వేసవి రాకముందే ఒకసారి పరీక్ష చేయించమని ఇంట్లో చెప్పడం నేర్పాలి.

విడిభాగాల దగ్గరికి వస్తే షువైఖ్ పారిశ్రామిక ప్రాంతం ఒక లోకం. కెనడా డ్రై వీధిలో నడిస్తే ఈజిప్టు వాళ్ళు, సిరియా వాళ్ళు, ఇరాన్ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు, మలయాళీలు, మనవాళ్ళూ కనబడతారు. ఏ భాగానికైనా మూడు ధరలు చెబుతారు. కంపెనీదైతే అస్లీ, వేరే తయారీదైతే తిజారీ, పాత బండ్లలోంచి పీకిందైతే సక్రాబ్. అస్లీయే కొనమని ఉపదేశించేవాళ్ళకు డబ్బు విలువ తెలియదు, సక్రాబ్‌తో కానిచ్చేయమనేవాళ్ళకు ప్రాణం విలువ తెలియదు. అద్దం, తలుపు పిడి, బంపర్, సీటు లాంటివి అమ్ఘరా సక్రాబ్ యార్డులో తెచ్చుకుంటే తప్పేమీ లేదు. బ్రేకులకు, స్టీరింగుకు, ఎయిర్‌బ్యాగులకు సంబంధించిన దేనికీ సక్రాబ్ గుమ్మం తొక్కకూడదు. తిజారీలో మంచి పేరున్న తయారీదార్లు ఉన్నారు, పేరు లేనివీ ఉన్నాయి. అస్లీ డబ్బాలో తిజారీ పెట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. నకిలీ విడిభాగాలు పట్టుకుని దుకాణాలు మూయించిన వార్తలు ఇక్కడి పత్రికల్లో తరచూ వస్తాయి. చేయాల్సింది ఏమిటంటే బండి షాసీ నంబరు ఫోటో తీసుకుని వెళ్ళడం, దాని ప్రకారం పార్టు నంబరు చూపించమనడం, బిల్లు అడగడం, తీసేసిన పాత భాగం వెనక్కి తెచ్చుకోవడం. ఫతూరా, అంటే బిల్లు, లేకుండా ఇచ్చే తగ్గింపు తగ్గింపే కాదు. 2014లో వచ్చిన 39వ నంబరు వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, వాణిజ్య శాఖ ఫిర్యాదు నంబరు 135 ఉంది. బిల్లు లేనివాడికి ఆ రెండూ ఉన్నా లేనట్టే.

సొంతంగా కారు కొనేవాళ్ళకు కూడా ఈ సందర్భంలో ఒక ముక్క. షాసీ నంబరు మొదటి అక్షరం జే అయితే జపాన్‌లో, కే అయితే కొరియాలో, 1, 4, 5 అయితే అమెరికాలో తయారైంది. అమెరికాలో తయారైతే చెడ్డదని కాదు. గల్ఫ్ కోసం తయారైన అమెరికన్ బండి వేరు, అక్కడి మార్కెట్‌లో తిరిగి ప్రమాదంలోనో వరదలోనో పాడై, ఇక్కడికి దిగుమతై, రంగు వేయించుకున్న బండి వేరు. రెండో రకాన్ని వారిద్ అమెరికా అంటారు. మీటరు మైళ్ళలో చూపిస్తే వెంటనే అడగండి. ధర మరీ తక్కువగా ఉంటే అడగాల్సిన పని కూడా లేదు.

ఖర్చుల గురించి నా వృత్తి ధర్మంగా కొంచెం అంకెలు వేస్తాను. 2016 సెప్టెంబరు 1న పెట్రోలు ధరలు పెంచారు. 91 ఆక్టేన్ 60 ఫిల్స్ నుంచి 85 అయింది, 95 ఆక్టేన్ 65 నుంచి 105 అయింది. దినారుకు వెయ్యి ఫిల్స్. 85 ఫిల్స్ అంటే లీటరు మన డబ్బుల్లో పాతిక రూపాయలు. ఏడాదికి 20,000 కిలోమీటర్లు నడిచే బండి, లీటరుకు 10 ఇస్తుందనుకుంటే, 2,000 లీటర్లు, 170 దినార్లు. అందరూ 95 పోస్తారు కాబట్టి మనమూ పోస్తే 210. నా కారు పుస్తకంలో 91 చాలని ఉంది. అంతకన్నా ఎక్కువ ఆక్టేన్ పోస్తే బలం పెరుగుతుందన్నది భ్రమ. కొన్ని ఇంజన్లకు 95 తప్పనిసరి, అది పెట్రోలు మూత లోపల రాసి ఉంటుంది. అక్కడ చూసి పోయాలి, పక్కవాణ్ణి చూసి కాదు.

పెట్రోలు ఇంత చౌక కావడమే ఇక్కడ లెక్కలు తప్పడానికి కారణం. కారు నడపడం చౌక అనుకుంటాం. అసలు ఖర్చు టైర్లలో, ఏసీలో, గేర్‌బాక్సులో, ముఖాల్ఫాల్లో, అంటే ట్రాఫిక్ జరిమానాల్లో, ఉంది. 2025 ఏప్రిల్ 22 నుంచి సవరించిన ట్రాఫిక్ చట్టం అమల్లోకి వచ్చింది. బండి నడుపుతూ ఫోన్ పట్టుకుంటే అంతకుముందు 5 దినార్లు, ఇప్పుడు 75. సీటు బెల్టుకు 10 ఉండేది, 30 అయింది. ఎర్ర దీపం దాటితే 50 ఉండేది, 150 అయింది. ఒక్క ఫోన్ జరిమానా డబ్బుతో 91 పెట్రోలు 880 లీటర్లు వస్తుంది, దాదాపు 8,800 కిలోమీటర్లు నడవచ్చు. ఒక్క ఎర్ర దీపం డ్రైవర్ నెల జీతం. చాలా ఇళ్ళలో ఈ జరిమానా డ్రైవరే కట్టుకోవాలి. ఇంట్లోంచే ఫోన్ మీద ఫోన్ చేసి "ఎక్కడున్నావ్" అని అడుగుతుంటే, ఎత్తకపోతే తిట్లు, ఎత్తితే 75. ఇందుకు డ్రైవర్ల దగ్గరున్న మంచి ఉపాయం డాష్‌బోర్డు మీద ఫోన్ స్టాండు, దానికి తోడు ముందే చెప్పి పెట్టుకున్న ఒక మాట: బండి ఆపాక నేనే చేస్తాను. మొదటి వారంలోనే ఇంట్లో ఈ మాట చెప్పేయాలని ఎవరైనా వాడికి నేర్పాలి.

ఇవన్నీ నేర్పాల్సింది యజమాని కదా అంటారేమో. యజమాని మంచివాడైనా ఆయనకే తెలియదు. గరాజ్ వాడికి తెలుసు, వాడు నేర్పడు. రిక్రూటింగ్ ఏజెంటుకు డ్రైవర్ విమానం ఎక్కడంతోనే పని అయిపోతుంది. విదేశాంగ శాఖ వాళ్ళు ఇచ్చే ప్రయాణానికి ముందటి శిక్షణ ఒక్క రోజుది. దేశం, చట్టం, హక్కులు, జాగ్రత్తలు చెప్పేసరికే పొద్దు గూకుతుంది. అందుకే రాష్ట్రాన్ని అడుగుతున్నాను. ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్నార్టీ సొసైటీ ఉంది, విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఓంక్యాప్ ఉంది, ఐటీఐల్లో మోటారు మెకానిక్ కోర్సు చెప్పే మాస్టార్లున్నారు. ఒక ఆటోమేటిక్ పాత కారు, ఒక మాస్టారు, ఒక పూట. బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ చూడటం, కూలెంట్ డబ్బాలో గీత చూడటం, టైరు అంకెలు చదవడం, హెచ్చరిక దీపాల్లో ఏది ఎర్రదైతే అక్కడికక్కడ ఆగాలి, ఏది పసుపైతే ఇంటిదాకా పోవచ్చు అని చెప్పడం, టైరు మార్చి చూపించడం. ఇవి చేతులతో చేయించాలి. బల్ల మీద కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తే ఎవరికీ ఏమీ రాదు.

మనవాళ్ళ తప్పులనూ దాచను. గరాజ్ దగ్గర కమీషన్ తీసుకుని అక్కర్లేని మరమ్మతు చేయించే డ్రైవర్లు లేరని నేనెవరికీ ప్రమాణం చేసి చెప్పలేను. వాళ్ళ వల్లే, నిజాయితీగా "బ్రేకు ప్యాడ్లు అయిపోయాయి బాబా" అన్నవాణ్ణి కూడా అనుమానంగా చూస్తారు. ఆ అనుమానంతో ఖర్చు వాయిదా వేస్తారు, వాయిదా వేసిన బ్రేకులతో బండి పిల్లలను స్కూలుకు తీసుకెళ్తుంది. ఇక్కడే ఇందాక చెప్పిన కాగితం పనికొస్తుంది.

పుస్తకం గురించి నా ప్రతిపాదన ఇది. జేబులో పట్టాలి. ముందు సగం తెలుగులో, బొమ్మలతో, పైన చెప్పిన విషయాలుండాలి. ప్రతి భాగం పేరు పక్కన అరబిక్ పేరు తెలుగు లిపిలోనూ, అరబిక్ లిపిలోనూ ఉండాలి. మొదటిది డ్రైవర్ చదువుకోవడానికి, రెండోది గరాజ్ వాడికి వేలితో చూపించడానికి. రాయడానికి మీ శాఖ ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. ఫర్వానియాలో, అబ్బాసియాలో, మహబూలాలో సొంత కార్లున్న తెలుగువాళ్ళం, ఏళ్ళ తరబడి ఇళ్ళలో నడిపిన డ్రైవర్లు, షువైఖ్‌లో పనిచేసే మన మెకానిక్‌లు కూర్చుని ముసాయిదా రాసిస్తాం. దాన్ని ఒక ఐటీఐ మాస్టారు దిద్దాలి. మాలియా కబుర్లలోని పొట్టును తూర్పారబట్టే పని అది, మా ఒక్కరి వల్ల కాదు.

వెనక సగం ఖాళీ గీతల పేజీలు. బండి చేతికిచ్చిన రోజున మీటరు రీడింగు, అప్పటికే ఉన్న గీతలు, దెబ్బలు, టైర్ల మీది నాలుగేసి అంకెలు రాసి, ఫోటోలు తీసి, ఇంట్లో చూపించాలి. తర్వాత ప్రతి ఆయిల్ మార్పు, ప్రతి టైరు, ప్రతి మరమ్మతు ఒక వరస: తేదీ, కిలోమీటర్లు, గరాజ్ పేరు, బిల్లు మొత్తం. "బ్రేకులు చూపించాలని చెప్పాను, వచ్చే నెల అన్నారు" అన్నది కూడా ఒక వరస. ఆ పేజీల పైన శీర్షికలు అరబిక్‌లో కూడా ఉండాలి, అప్పుడే యజమాని చదివి సంతకం పెడతాడు. చివరి అట్ట మీద అత్యవసర నంబరు 112, వాణిజ్య శాఖ 135, భారత రాయబార కార్యాలయం నంబర్లు ఉంటే చాలు. నాయకుల ఫోటోలు వేసే చోటు ఉండదు, క్షమించాలి.

వేసవి సర్వీసులు ఇక్కడ ఏప్రిల్‌లో మొదలవుతాయి. అంతకన్నా ముందు వచ్చే బ్యాచ్ డ్రైవర్ల చేతికి మొదటి ప్రతులు అందితే బాగుంటుంది. ముసాయిదా ఎవరికి పంపాలో మీ కార్యాలయం చెబితే, నెల తిరిగేలోగా పంపిస్తాం.

భవదీయుడు,
ఒక రాజంపేట వాడు
ఫర్వానియా, కువైట్